బిస్లీ: గాలిని చదవవలసిన చోటు

లండన్ నగరంలోని వాటర్లూ స్టేషనులో రైలెక్కి నైరుతి దిశగా ముప్పావు గంట సేపు ప్రయాణం చేస్తే బ్రూక్‌వుడ్ అనే చిన్న స్టేషను వస్తుంది. రైలు కట్టకు ఒక పక్క ఎకరాల కొద్దీ విస్తరించిన శ్మశానవాటిక ఉన్నది. అందులో పార్సీలకు కేటాయించిన భాగంలో జంషెడ్జీ టాటా, ఆయన కుమారుడు దొరాబ్జీ టాటా శాశ్వత నిద్రలో ఉన్నారు. రెండవ పక్క పైన్ చెట్లు, ఇసుక నేల, ఊదారంగు పూల పొదలు. ఆ చెట్ల వెనుక నుంచి, గాలి అనుకూలంగా ఉన్న రోజున, ఎవరో ఎండుకట్టెలు విరుస్తున్నట్టు చప్పుడు వినవస్తుంది. అదే బిస్లీ క్యాంపు. బ్రిటన్‌లో రైఫిల్ పోటీలకు నూరేళ్లకు పైగా అదే కేంద్రం.

జులై నెలలో ఆ దారిన పోయేవారిలో పలువురి వద్ద పొడుగాటి పెట్టెలు కనిపిస్తాయి. తాము వెళ్లేది ఏ పక్కకో చెప్పనక్కర లేకుండా ఆ పెట్టెలే చెబుతాయి. వారిలో ఏటా తప్పక వచ్చేవారు కొందరు. పదేళ్లకో, పదిహేనేళ్లకో మళ్లీ పెట్టె దుమ్ము దులిపి వచ్చినవారు మరికొందరు. ఉద్యోగం, పిల్లలు, అనారోగ్యం, దూరదేశ నివాసం, కారణం ఏదైనా కావచ్చు. ఒకప్పుడు బాగా తెలిసిన విద్య ఇప్పుడు ఎంత మిగిలిందో తేల్చుకోవడానికి ఈ రెండవ తెగవారు వస్తారు. బిస్లీని వారి కళ్లతో చూస్తేనే ఆ చోటు బాగా అర్థమవుతుంది.

ఈ పోటీలు పుట్టింది బిస్లీలో కాదు. 1860లో లండన్ శివారు వింబుల్డన్ మైదానంలో విక్టోరియా రాణి వీటిని ప్రారంభించింది. కదలకుండా బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌కు కట్టిన పట్టుత్రాడును ఆమె లాగగా, 400 గజాల దూరంలోని లక్ష్యఫలకం నడిమిలో గుండు తగిలింది. ఆ ఏడు నుంచే రాణి పేరున 250 పౌన్ల బహుమతి ఏర్పడింది. సింహాసనం మీద రాజు ఉంటే అది రాజు బహుమతి, రాణి ఉంటే రాణి బహుమతి. 2023 నుంచి మళ్లీ రాజు బహుమతి అయింది. వింబుల్డన్ చుట్టూ ఇళ్లు పెరగడంతో 1890లో క్యాంపు బిస్లీకి తరలింది. నాటి చెక్క బంగళాలు, వాటి వరండాలు, క్లబ్బు భవనాలు ఇంకా నిలిచే ఉన్నాయి. మన దేశంలోని పాత కంటోన్మెంటు బంగళాలను చూసినవారికి వాటిని ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

భారతదేశంతో ఈ చోటికి ఉన్న సంబంధం బంగళాల పోలికతో ఆగదు. ఇక్కడ వివిధ దేశాల జట్లు పోటీ పడే పాత కప్పు ఒకటి ఉన్నది. దాని పేరు కొల్హాపూర్ కప్పు. ఆంగ్లేయులు దానిని నేటికీ పాత పద్ధతిలో ‘కొలాపూర్’ అనే పలుకుతారు. 1870లో ఇంగ్లండు సందర్శించిన కొల్హాపూర్ మహారాజు రాజారామ్ తిరుగు ప్రయాణంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో, ఇరవై ఏళ్లు దాటీ దాటని వయస్సులో కన్నుమూశాడు. స్వదేశం చేరని ఆ యువకుని రాజ్యం పేరు 1871 నుంచి ఆ కప్పు మీద నిలిచి ఉన్నది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో షూటింగ్ పోటీలు జరిగినది కూడా బిస్లీలోనే. అంజలీ భాగవత్ అక్కడ నాలుగు స్వర్ణపతకాలు గెలిచింది. ఆరేళ్ల తరువాత ఒలింపిక్ స్వర్ణం సాధించబోయే అభినవ్ బింద్రా అప్పుడు జంట పోటీలో స్వర్ణం, వ్యక్తిగత పోటీలో రజతం అందుకున్నాడు.

ఆగిపోవడం, తిరిగి ప్రారంభించడం ఈ చోటికి కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 నుంచి 1918 వరకు, రెండవ యుద్ధంలో 1940 నుంచి 1945 వరకు ప్రధాన పోటీ జరగలేదు. 2020లో కోవిడ్ వలన మైదానం మళ్లీ మూగబోయింది. ఆర్థర్ ఫుల్టన్ అనే ఆయన 1912లో రాజు బహుమతి గెలిచాడు. నడుమ మహాయుద్ధం వచ్చింది, పోయింది. పధ్నాలుగేళ్ల తరువాత, 1926లో, ఆయన రెండవసారి గెలిచాడు, 1931లో మూడవసారి. ఆయన తండ్రి 1888లోను, కుమారుడు 1958లోను అదే బహుమతి పొందారు. తిరిగి వచ్చేవారు తమను తాము ఓదార్చుకోవడానికి ఆయన పేరు తలచుకుంటారు కాబోలు. అయితే ఫుల్టన్ కుటుంబానికి తుపాకుల పనే వృత్తి అన్న సంగతి కూడా వారు జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

మళ్లీ పోటీకి రాదలచినవాడు చేసే మొదటి పొరపాటు సాధారణంగా మైదానంలో జరగదు, దుకాణంలో జరుగుతుంది. ఇన్నేళ్లలో ఏవేమి కొత్తగా వచ్చాయో చూసి, అవన్నీ లేకపోతే వెనుకబడిపోతామని బెంగపడి, నెల జీతం ఖర్చు చేస్తాడు. నిజానికి బిస్లీ సంప్రదాయ పోటీకి కావలసిన సామాగ్రి చిన్న సంచిలో ఇమిడిపోతుంది. 7.62 మిల్లీమీటర్ల తూటా పేల్చే, ఒక్కొక్కటిగా తూటా పెట్టుకొనే రైఫిల్. వెనుక సన్నని రంధ్రం, ముందు చిన్న వలయం గల గురిచూపు సాధనాలు. దుర్బీను గురి ఈ పోటీలో నిషిద్ధం. బోర్లా పడుకొని కాల్చాలి కనుక ఒక చాప, మందపాటి కోటు, ఎడమచేతికి తొడుగు, ఆ చేతిని రైఫిల్‌తో కలిపి బిగించే తోలుపట్టీ, చెవులకు కప్పులు, కాలిమెట్టు మీద నిలిపే దూరదర్శిని. రాజు బహుమతి పోటీలో తూటాలు నిర్వాహకులే ఇస్తారు. అందరికీ ఒకే రకం. డబ్బున్నవాడు మంచి తూటా కొనుక్కొని గెలిచే వీలు లేదు.

వీటిలో కొత్తవి కొనడం కన్న పాతవాటిని పరీక్షించడమే ముఖ్యం. పదేళ్లు బీరువాలో ముడుచుకొని ఉన్న తోలుపట్టీ మొదటి బిగింపుకే పగుళ్లు చూపవచ్చు. రైఫిల్ కర్రకు, ఇనుముకు నడుమ ఉన్న మరలు వదులైతే గుండ్లు ఫలకమంతటా చెల్లాచెదురవుతాయి. పాపం, కాల్చేవాడు తప్పు తన వేలిదనుకుంటాడు. గొట్టం లోపల తూటా గది ముందు భాగం వేడికి అరిగిపోయే చోటు. కొన్ని వేల గుండ్లు దాటిన గొట్టాన్ని నమ్ముకొని పోటీకి రావడం కూడదు. కోటు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్ల వయస్సులో కుట్టించుకున్నది నలభై అయిదవ ఏట గుండీలు పడదు. గుండీలు పడని కోటులో ఊపిరి ఆడదు, ఊపిరి ఆడనివాడికి గురి కుదరదు.

ఇక కన్ను. నలభై దాటిన తరువాత దగ్గరి వస్తువు స్పష్టంగా కనిపించకపోవడం అందరికీ అనుభవమే. రైఫిల్ పోటీలో అది చెడ్డచోట దెబ్బ కొడుతుంది, ఎందుకంటే స్పష్టంగా కనిపించవలసినది దూరపు ఫలకం కాదు. చేతి పొడుగు దూరంలో ఉన్న ముందరి వలయం. వలయం నల్లగా, పదునుగా కనబడితే చాలు, ఫలకం కొంత మసకగా ఉన్నా ఫరవాలేదు. తిరిగి వచ్చినవారిలో అధికులు ఇది మరచి, ఫలకాన్నే తేరిపార చూస్తారు. కళ్లజోడు వైద్యుని వద్దకు రైఫిల్‌ను తీసుకుపోలేరు గనుక, వలయం ఎంత దూరంలో ఉంటుందో కొలిచి కాగితం మీద రాసుకుపోయేవారు తెలివైనవారు.

చేతులకు మాత్రం ఖర్చు లేని వైద్యం ఉన్నది. తూటా గది ఖాళీగా ఉన్నదని ఒకటికి మూడుసార్లు చూసుకొని, తూటాలను వేరే గదిలో ఉంచి, ఇంట్లో నేల మీద పడుకొని ఉత్త రైఫిల్‌తో రోజుకు ఇరవై నిమిషాలు సాధన చేయడమే అది. పడుకొన్న భంగిమ సరి అయినదా కాదా తెలుసుకోవడానికి ఒక పాత ఉపాయం కలదు. గురి చూసి, కళ్లు మూసుకొని, ఒక ఊపిరి తీసి వదిలి, మళ్లీ కళ్లు తెరవాలి. వలయం లక్ష్యం మీదనే ఉంటే భంగిమ సరిగా ఉన్నట్టు. పక్కకు పోయి ఉంటే చేతి బలంతో లాగి సరిచేయరాదు. తుంటిని కొద్దిగా జరిపి శరీరమంతటినీ తిప్పాలి. బలవంతంగా లాగిన చెయ్యి ట్రిగ్గరు కదిలిన క్షణంలో తన చోటికి తాను పోతుంది, గుండు దాని వెంట పోతుంది. పది సెకన్లు గురి పట్టినా ట్రిగ్గరు కదలకపోతే రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టాలి. అనుభవజ్ఞుడికీ, అనుభవం తిరిగి తెచ్చుకుంటున్నవాడికీ తేడా చాలావరకు ఇక్కడే తెలుస్తుంది. రెండవవాడికి దించడం నామోషీ.

బిస్లీలో రెండు పెద్ద మైదానాలున్నాయి. సెంచురీ అనేది చదునైన, వెడల్పైన మైదానం. నూటికి పైగా ఫలకాలు వరుసగా లేస్తూ, దిగుతూ ఉంటాయి. 600 గజాల వరకు పోటీలు అక్కడ జరుగుతాయి. తిరిగి వచ్చినవాడు మొదట తన రైఫిల్‌ను పరిచయం చేసుకోవలసినది అక్కడే. పాత నోటుపుస్తకంలోని ఎత్తు లెక్కలను నమ్మరాదు. తూటా మారింది, గొట్టం మారి ఉండవచ్చు, కన్ను తప్పక మారింది. దగ్గరి దూరం నుంచి మళ్లీ ఒక్కొక్క మెట్టే ఎక్కాలి.

రెండవ మైదానం స్టికిల్‌డౌన్. 900 గజాల నుంచి 1,200 గజాల వరకు దూరాలు అక్కడివి. కాల్చేవారు ఒక గట్టు మీద పడుకుంటారు. నడుమ పల్లపు నేల, ఆవల ఫలకాలు. 1,000 గజాల దూరంలో రెండు అడుగుల వెడల్పు గల కేంద్రం గుండుసూది తలంత కనిపిస్తుంది. గుండు అక్కడికి చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైగా పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో భూమి దానిని పాతిక అడుగులకు పైగా కిందికి లాగుతుంది. అయితే భూమి ఆకర్షణ ఏనాడూ మారదు గనుక అది పెద్ద సమస్య కాదు. మారేది గాలి. పక్క నుంచి గంటకు ఒక మైలు వేగంతో వీచే గాలి, అంటే చెంపకు కూడా తెలియని గాలి, ఆ దూరంలో గుండును దాదాపు పది అంగుళాలు తోస్తుంది. కేంద్రం మధ్య నుంచి అంచుకు ఉన్నది పన్నెండు అంగుళాలే. గాలిని ఒకటిన్నర మైళ్లు తప్పుగా అంచనా వేస్తే, ఎంత చక్కగా గురిచూసి కాల్చినా అయిదు రావలసిన చోట నాలుగే వస్తుంది.

గాలిని చూసేందుకు జెండాలున్నాయి. కాని గట్టు మీది జెండా ఒక మాట చెబితే పల్లంలోని జెండా మరొకటి చెబుతుంది. ఎండగా ఉంటే ఎండమావి సహాయం చేస్తుంది. దూరదర్శినిని ఫలకం మీద కాక దానికి కొంచెం ఇవతలకు కుదిర్చితే, నేల మీది వేడిగాలి సన్నని ఏటి నీటి వలె ఒక పక్కకు పారుతూ కనిపిస్తుంది. వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద ఎండమావిని చూడని తెలుగువాడు ఉండడు. అక్కడ దాహం రేపేదే ఇక్కడ దారి చూపుతుంది. ప్రవాహం ఆగి, గిన్నెలో నీరు మరిగినట్టు నిటారుగా లేస్తూ ఉంటే, గాలి ఆగిందనో, దిక్కు మారబోతున్నదనో గ్రహించి కాసేపు ఓపిక పట్టాలి. ఒక్కొక్క గుండుకు 45 సెకన్లే వ్యవధి. ఓపికకు కూడా హద్దు ఉన్నదన్నమాట.

ఈ విద్య పుస్తకాలతో రాదు, ఇంట్లో సాధనతో రాదు. మానేసిన ఏళ్లలో అన్నిటికన్న ముందుగా తరిగిపోయేదీ, అన్నిటికన్న ఆలస్యంగా తిరిగి వచ్చేదీ ఇదే. అందుచేతనే సంచిలో కోటు కన్న, దూరదర్శిని కన్న విలువైన వస్తువు రూపాయి ఖరీదు చేయని పెన్సిలు. కాల్చే ముందు గాలి ఎంత అనుకున్నాడో, కాల్చిన తరువాత గుండు ఎక్కడ తగిలిందో ప్రతిసారీ రాయాలి. అనుకున్నది మరచిపోయి తగిలినది మాత్రమే గుర్తుంచుకోవడం మనిషి స్వభావం గనుక రాయక తప్పదు.

వయస్సు మరీ అడ్డు వస్తే వేరే మార్గం ఉన్నది. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ కన్నూ, చెయ్యీ సహకరించని పాత షూటర్ల కోసం రైఫిల్‌కు దుర్బీను, కింద ఆధారం అనుమతించే ఒక పోటీని ప్రవేశపెట్టాడు. ఆయన పేరులోని మొదటి అక్షరంతో అది ‘ఎఫ్ క్లాస్’గా ప్రసిద్ధమై బిస్లీకి కూడా వచ్చింది. అందులో గురికేంద్రం చిన్నది కనుక దానిని తేలిక అనుకొన్నవారు వెంటనే సిగ్గుపడతారు. గాలి అక్కడా అదే గాలి.

రాజు బహుమతి తుది పోరుకు రెండు అంచెలు దాటిన 100 మంది మాత్రమే స్టికిల్‌డౌన్ చేరుతారు. 900 గజాల నుంచి 15 గుండ్లు, 1,000 గజాల నుంచి 15 గుండ్లు. స్త్రీపురుష భేదం లేదు. 1930లో కోళ్ల పెంపకం చేసుకొనే మార్జరీ ఫాస్టర్ ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచి, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ అయింది. గెలిచినవారిని కుర్చీలో కూర్చుండబెట్టి, బ్యాండు మేళంతో భుజాల మీద ఊరేగించడం నేటికీ ఆచారం.

తిరిగి వచ్చినవాడు మొదటి ఏడాది ఆ కుర్చీకి చేరువ కావడం అరుదు. సాయంత్రం నాలుగు దాటాక, జనం ఊరేగింపు చూడడానికి పోయినప్పుడు, అటువంటివాడు ఏదో ఒక చెక్క బంగళా వరండాలో కనిపిస్తాడు. రైఫిల్ బోల్టు తీసి పక్కన పెట్టి, గొట్టంలో గుడ్డ తోస్తూ, నడుమ నడుమ ఆగి నోటుపుస్తకం చూస్తూ ఉంటాడు. తొమ్మిదవ గుండు దగ్గర ఎడమ నుంచి నాలుగు అని రాసి ఉంటుంది. దాని పక్కన, వేరే దస్తూరీలో రాసినట్టు వంకరగా, ఆరు అని ఉంటుంది.