ఏయ్ రిక్షా!

మా చిన్నతనంలో తెనాలి స్టేషన్ బయట ఒకవైపు జట్కాలు, ఇంకోవైపు రిక్షాలు ఉండేవి. నాయనమ్మకు జట్కా అంటేనే నమ్మకం. అడుగున ఎండుగడ్డి పరిచి, పైన గోనెపట్టా వేసేవారు. ఎక్కీ ఎక్కగానే సాయిబు "ముందుకు జరగండమ్మా, వెనక బరువైపోతోంది" అనేవాడు. రెండు చక్రాల బండి కదా, బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి గుర్రం అవస్థ పడుతుంది. సందు మలుపులో చెర్నాకోల కర్రను చక్రం ఆకుల మధ్య పెడితే టకటకమని మోగేది. అదే మా ఊరి హారన్.

గతుకుల రోడ్డు మీద ఆ బండి కుదుపులకు నడుములు పట్టేసేవి. పేరే అది. ఝట్కా అంటే హిందుస్తానీలో కుదుపు, ఒక్క ఉదుటున లాగడం. మద్రాసు రాజధాని ఊళ్ళలో జట్కా అనేవారు. హైదరాబాదు వైపు వెళ్తే గుర్రబ్బండి టాంగా అయ్యేది. బేరం మాటలూ అంతే. నాయనమ్మ బాడుగ అనేది, అది సంస్కృత భాటకం. సికింద్రాబాదు పిన్ని కిరాయి అనేది, అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది.

రిక్షా కథ తెలిశాక మాత్రం నాకు చాలా రోజులు మనసు బాగోలేదు. 1870లో టోక్యోలో అనుమతి పొందిన ఆ బండికి జపానువాళ్ళు పెట్టుకున్న పేరు జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. మనిషి బలంతో నడిచే బండి అని దాచకుండా చెప్పారు. ఇంగ్లీషువాళ్ళ నోట పడి మొదటి ముక్క ఊడిపోయింది. సిమ్లా, కలకత్తాల మీదుగా మనదాకా వచ్చేసరికి బలమూ బండీ మిగిలాయి, మనిషిని దారిలోనే దించేశారు.

మేమూ అదే చేసేవాళ్ళం. "ఏయ్ రిక్షా, వస్తావా?" అని కేకేసేవాళ్ళం. పలికేది బండి కాదు, మనిషి. కాలవ వంతెన ఎక్కేటప్పుడు అతను సీటు దిగి, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో సీటూ పట్టుకుని, ముందుకు వంగి లాగేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. నాయనమ్మ ఎప్పుడు రిక్షా ఎక్కినా వంతెన మొదట్లోనే మమ్మల్ని దిగి నడవమనేది. ఆవిడ "నాయనా, వస్తావా?" అని పిలిచేది తప్ప రిక్షా అని ఎన్నడూ పిలవలేదు.

పల్లకి మోసిన బోయీల పేరుకు ఇంకో గతి పట్టింది. తెలుగు బోయి దొరల చెవిన పడి వాళ్ళ బాయ్‌తో కలిసిపోయింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు బోయిని బాయ్ అన్న పదం కిందే చేర్చింది. మీసాలు నెరిసిన బోయీ అలా కుర్రాడైపోయాడు.

బస్సు, టాక్సీల సంగతి కాలేజీలో తెలిసింది. లాటిన్‌లో ఓమ్నిబస్ అంటే అందరికోసం. అందులో 'అందరూ' పోయి చతుర్థీ విభక్తి తోక మిగిలింది. టాక్సీ అంటే బాడుగ లెక్కగట్టే టాక్సీమీటరులో సగం. 1891లో జర్మనీలో బ్రూన్ చేసిన యంత్రం అది. పేరులో మిగిలింది రుసుమొక్కటే.

ఇప్పుడు రోడ్డు పక్క చెయ్యెత్తి "ఆటో!" అంటాం. గ్రీకులో ఆ ముక్కకు 'తనంతట తానే' అని అర్థం. పొద్దుటి నుంచీ ఎండలో దాన్ని తోలుతున్న మనిషి ఆ మాటలోనూ లేడు. అందుకే నేను ఎక్కగానే పేరు అడుగుతాను.