గండికోట దారిలో

కార్తికమాసమున స్త్రీలు కూడి యాత్రకు పోవుట మన దేశమునకు క్రొత్తకాదు. మేమును పోతిమి. అయితే మోటారు సైకిళ్లమీద పోతిమి. వెనుక కూర్చుండి కాదు, మేమే నడుపుకొని. అయిదుగురము స్త్రీలము, నాలుగు బండ్లు. కర్నూలు మొదలు గండికోటవరకు, వీలైనంతమట్టుకు పెద్దరస్తాలను విడిచి పల్లెత్రోవలనే పోవలెనని మా సంకల్పము. ఇందులో గొప్ప సాహసమేమియు లేదని ముందుగనే మనవి చేయుచున్నాము. 2018వ సంవత్సరమున హైదరాబాదునుండి జై భారతిగారును, మరి ముగ్గురు స్త్రీలును మోటారు సైకిళ్లెక్కి బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములు చూచి, ఇంచుమించు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చిరి. వారి యాత్రముందర మాది పెరటిలోని షికారువంటిది.

బయలుదేరుటకు ముందు మా యిండ్లలో జరిగిన చర్చ యంతయు బట్టలను గూర్చియే. చీరెకొంగో ఓణీయో చక్రమున చిక్కుకొని ప్రాణముమీదికి వచ్చిన సంగతులు మనమందరము వినియున్నవే. వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకొనకుండ చక్రమును సగమునకు తక్కువకాకుండ కప్పు తొడుగు ఉండవలెనని మోటారు వాహనముల నియమములలోనే కలదు. బండి సొగసు చెడునని దానిని ఊడదీయించు మహాశయులు మన యిండ్లలో కొదువలేదు. సోదరీమణులు ఈ పుట చదివిన తరువాత తమ యింటి బండిని ఒక్కమారు వంగి చూతురుగాక. మామట్టుకు మేము షరాయిలు తొడిగి, శిరస్త్రాణములు ధరించి, వీధివారి చూపులను వీధివారికే విడిచి బయలుదేరితిమి.

తెల్లవారకముందే తుంగభద్ర గాలి చలిచలిగా వీచుచుండగా కొండారెడ్డి బురుజు ప్రక్కనుండి సాగితిమి. ఓర్వకల్లులో ఉగ్గానియు మిరపకాయ బజ్జీలును తిన్నాము. అచ్చటి వింత ఆకారపు బండలను చూచుటకు జనులు వత్తురుగాని, ఆ యూరికి పేరు తెచ్చినది స్త్రీల పొదుపు సంఘములే యని మా యభిప్రాయము. ఆ పిమ్మట పెద్దరస్తా విడిచి బేతంచెర్ల త్రోవ పట్టితిమి. అచ్చట లోకమంతయు నాపరాయియే. చేనికి కంచె నాపరాయి, ఇంటికి కప్పు నాపరాయి, వాకిటి అరుగు నాపరాయి. రాళ్లను కోసి నునుపుచేయు మిల్లులనుండి లేచిన తెల్లని పొడి మా మొగములమీద పిండివలె పేరుకొనెను. మన వంటయింటి గట్టుమీద పరచిన బండకు వెనుక ఇంత దుమ్మున్నదని అంతవరకు మాకు తోచలేదు.

యాగంటినిగూర్చి ఎక్కువ వ్రాయము. కాకులు కానరావనియు, బసవయ్య పెరుగుచున్నాడనియు అందరెరిగినదే. కొండనుండి కోనేటిలోనికి దిగు నీటి చల్లదనము మాత్రము చేయి పెట్టినగాని తెలియదు. ఆ రాత్రి బనగానపల్లెలో నిలిచితిమి.

మరునాడు అవుకు జలాశయము గట్టున బండ్లు ఆపితిమి. శ్రీశైలమునుండి కాలువలవెంట వచ్చు కృష్ణనీరు ఇచ్చట నిలిచి, ఇచ్చటినుండి గండికోట జలాశయమునకు పోవును. అనగా ఆ నీరును మేమును ఒక యూరికే పోవుచుంటిమి.

కొలిమిగుండ్ల చేరువనున్న బెలుం గుహలు చూడదగినవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వీనిని పేర్కొనెను; 1980 ప్రాంతమున జర్మను పరిశోధకులు లోపలికి దిగి కొలిచిరి; 2002లో ప్రజలకు తెరవబడినవి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. లోపల చల్లగా నుండునని ఎవరైన చెప్పిన నమ్మవలదు. ఉక్కచేత మా బట్టలు తడిసి ముద్దయైనవి. ఇంత రాతిని తొలిచినది నీరేయట. నాలుగు చినుకులకు నోరు తెరచియుండు నేలక్రింద నీరు ఇంతపని చేసి పోయినదా యని తలయెత్తి చూచుచు నడచితిమి.

మేము లోపల నుండగనే వెలుపల పెద్దవాన కురిసి వెలిసెను. జమ్మలమడుగునకు దగ్గరత్రోవయని నల్లరేగడి బాటలో దిగుట మా తెలివితక్కువ. పది బారలు పోకముందే మన్ను చక్రమునకును మడ్డుగార్డునకును నడుమ క్రుక్కుకొని నాలుగు బండ్లును నిలిచిపోయెను. పుల్లలతో గెలుకుచుండగా, శనగ విత్తుటకు వచ్చి వానచేత పని నిలిచిన కూలిస్త్రీలు చెట్టుక్రిందినుండి లేచి వచ్చిరి.

“గెలక్కండమ్మా. ఎండ తగలనీండి, అదే ఊడి పడతాది,” అని వారిలో పెద్దామె చెప్పెను. మరియొకతె, “మీయెంట మొగోళ్లెవురూ రాలేదా?” అని యడిగెను. లేదంటిమి. “మరి వాళ్లకు కూడెవురు పెడతారు?” వారే వండుకొందురని చెప్పగా చేనంతయు నవ్వెను.

ఎండ కాసెను, మన్ను ఆరి పెళ్లలుగా రాలెను. అప్పుడు ఆ పెద్దామె ఖాళీ క్యాను చూపి, ఊరివరకు ఎక్కించుకొందురా యని యడిగెను. ఊరి కొళాయినీరు ఉప్పనట. త్రాగుటకు ఇరువది లీటర్లు కొనుక్కొని, చేనికి మోసికొని రావలెను. కొంగు నడుమునకు బిగించి చెక్కుకొనుమని చెప్పి, మాలో ఒకతె ఆమెను ఎక్కించుకొని పోయి తెచ్చెను. తిరిగి వచ్చునప్పుడు ఆమె నిండుక్యాను తొడమీద పట్టుకొని, ఈ పల్లె తన అత్తవారి యూరనియు, పుట్టినిల్లు తాళ్లప్రొద్దుటూరనియు చెప్పినదట. “ఆ ఊరు నీళ్లకింద ఉండాదమ్మా. మా యమ్మ అరుగు కూడా,” అని మాత్రము చెప్పి ఊరకుండెనట.

గండికోట జలాశయమున 26 టి.ఎం.సి.లకు మించి నీరు పట్టును. అందులో ఎక్కువ నీరు నిలుపుటకై 2020లో ఆ గ్రామమును ఖాళీ చేయించిరి. వార్త అప్పుడే పత్రికలలో చదివితిమి. చదివి పుట త్రిప్పితిమి. ఈ నీటివలన కడపసీమలో ఎన్ని చేలు పండవలసియున్నవో మాకు తెలియకపోలేదు. అయినను ఆమె క్యానును పట్టుకొన్న చేతులే మా కన్నులకు కట్టినవి.

సాయంకాలమునకు కోట చేరితిమి. పెమ్మసానివారి కోట, మాధవరాయని గుడి, జామియా మసీదు, ధాన్యపుకొట్టు, ఎర్రని రాతిని నిలువున చీల్చుకొని పారు పెన్న, అన్నియు చూచితిమి. లోయయంచున ఫోటోలు తీసికొను గుంపులో మేమును తీసికొంటిమి. పిదప ఎవరును చెప్పకయే బండ్లు త్రిప్పి, కోటకెగువనున్న జలాశయపుటొడ్డునకు పోతిమి. తాళ్లప్రొద్దుటూరెటువైపని అచ్చటనున్న గొల్లవాని నడుగగా, అతడు కఱ్ఱయెత్తి నీటివైపు చూపెను. ఆమె మాకు ఒడిలో పోసియిచ్చిన పచ్చి చెనక్కాయలు ఒలుచుకొని తినుచు చీకటిపడువరకు అచ్చటనే కూర్చుంటిమి.