ప్లైవుడ్ మీద పడ్డ ఫోను, బండ మీద పడ్డ ఫోను

నిజం చెప్పండి, మీ ఫోను ఈ మధ్య ఎన్నిసార్లు కింద పడ్డది? అది చేయి జారగానే గుండె గుభేలుమంటుంది. బోర్లా పడితే ఎత్తకముందే ఓసారి దేవుణ్ని తలుచుకుంటాం. తిప్పి చూసి హమ్మయ్య అనుకుంటాం, లేకపోతే... ఆ 'లేకపోతే' సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

కొన్ని ఫోన్ల డబ్బా మీద 'మిలిటరీ గ్రేడ్' అని గొప్పగా రాసి ఉంటుంది. చదవగానే సియాచిన్ మంచులో జవాన్ల చేతుల్లో నలిగొచ్చిన సరుకేమో అనిపిస్తుంది. అమెరికా సైన్యం వాళ్ల మిల్-ఎస్‌టీడీ-810 నిబంధనల్లో వస్తువును పడేసే పరీక్ష ఒకటుంది. నాలుగడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, లెక్క సరిపోయిందా? అయితే ఈ దెబ్బలన్నీ ఒకే ఫోను తినాలని లేదు, ఐదు దాకా ఫోన్లు పంచుకోవచ్చు. ఇంతకీ పడేది దేని మీదనుకున్నారు? కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద!

మన కరీంనగర్‌లో ప్లైవుడ్ నేల ఎవరింట్లో ఉందండీ? ఇక్కడ కాలు పెడితే బండే. మన గుట్టల్లోంచి తీసిన టాన్ బ్రౌన్ గ్రానైటు దేశదేశాలకు పోతుంది. మన మెట్లకూ వంటింటి గట్టుకూ గ్రానైటే. అయినా నున్నగా పాలిష్ పెట్టిన బండ కన్నా వాకిట్లోని సీసీ రోడ్డే ఫోనుకు పెద్ద గండం. ఎందుకో చెబుతాను.

ఫోను అద్దాన్ని కరిగిన పొటాషియం నైట్రేటులో, సుమారు 400 డిగ్రీల వేడిలో, గంటల తరబడి ముంచి ఉంచుతారు. అద్దం పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోతాయి, వాటి జాగాలో పెద్దవి, పొటాషియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. శివరాత్రికి వేములవాడ పోయే బస్సు ఎప్పుడైనా ఎక్కారా? పిల్లలు లేచిన జాగాలో పెద్దోళ్లు ఇరుక్కుని కూర్చున్నాక, డ్రైవరు ఎంత బ్రేకు కొట్టినా ఒక్కరూ పడరు. అద్దం పైపొరా అట్లనే బిగుసుకుని, పగులు నోరు తెరవబోతే మూసి పట్టుకుంటుంది. కానీ ఆ బిగువు పైపైనే, వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. మొనదేలిన కంకర రాయి ఆ పొర దాటి గుచ్చుకుందా, ఇక సాలెగూడే.

జేబులో ఉండే శత్రువు ఇంకొకటి. ఇసుకలో, గ్రానైటు పొడిలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలతలో 7. ఫోను అద్దం మీద 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. క్వారీలో పనిచేసే మనిషి ఫోను రోజంతా ఆ దుమ్ముతో రాసుకుంటూనే ఉంటుంది. ఓ పూట మంచం మీంచి జారి పగిలితే 'ఇంత చిన్న దెబ్బకేనా' అంటాం. దానికి దెబ్బ తగిలి నెలలైంది, మనం చూడలేదంతే.

నోకియా 1100 గుర్తుందా? 2003లో వచ్చి, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మనలాంటి దేశాలను మనసులో పెట్టుకునే చేశారు దాన్ని. మీటలన్నీ ఒకే పొర, సందుల్లోంచి దుమ్ము దూరదు. ఆదిలాబాద్ పత్తి చేన్లో చెమట చేత్తో పట్టుకున్నా జారకుండా పక్కలకు గరుకు గీతలు. తల మీద టార్చి. రైతులకు 24 గంటల కరెంటు 2018 జనవరి నుంచి కదా. అంతకు ముందు అర్ధరాత్రి మోటరు పెట్టడానికి గట్ల మీద నడిచినవాళ్లనడగండి ఆ టార్చి విలువ. పాము కనబడేది దాంతోనే.

దాని బరువు 86 గ్రాములు. ఇప్పటివి 200 దగ్గర. అంటే అదే ఎత్తు నుంచి పడితే దెబ్బ రెట్టింపు పైమాటే. 1100 పడితే మూత ఓ దిక్కు, బ్యాటరీ ఓ దిక్కు, ఫోను మంచం కింద. మనం నవ్వుకునేవాళ్లం గానీ, పడ్డ ఊపును ఆ మూడూ తలా ఇంత పంచుకునేవి. ఏరుకొచ్చి, బ్యాటరీ వదులైతే కాగితం మడిచి కుక్కి, మీట నొక్కితే చేతులు కలిపే బొమ్మ ప్రత్యక్షం!

అట్లని పాతదే బంగారమనను. దాంట్లో దుబాయ్‌లో ఉన్న కొడుకు మొహం కనబడదు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో తల్లులకు పెద్ద తెర కావాల్సిందే.

ఎండ సంగతి వేరే. ఐఫోను వాడకానికి ఆపిల్ చెప్పే వేడి 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో రామగుండం 45 దాటితే అది ఎవరికి మొరపెట్టుకోవాలి? ఆ పక్కనే సింగరేణి భూగర్భ గనిలోకైతే మామూలు ఫోనును రానే రానివ్వరు. అక్కడి ఫోన్లకు మొదటి షరతు, లోపలి కరెంటు మీథేన్‌ను అంటించలేనంత తక్కువగా ఉండాలి. పగలడం, పగలకపోవడం తర్వాతి మాట.

నా మట్టుకు నేను గట్టి ఫోనంటే విప్పి బాగుచేయడానికొచ్చే ఫోనంటాను. ఇప్పుడంతా జిగురు. నీళ్లు పోకుండా కాపాడేది కూడా ఆ జిగురే, కాదనను. కానీ టవర్ సర్కిల్ దిక్కు ఏదైనా రిపేరు కొట్టు ముందు నిలబడి చూడండి. కుర్రాడు ఫోనును వేడి ప్లేటు మీద పెట్టి, అంచులోకి సన్నని ప్లాస్టిక్ రేకు దూర్చి, ఊపిరి బిగబట్టి లాగుతుంటాడు. "అన్నా, గ్లాసొక్కటే గాదు, టచ్ గూడ పోయింది. కాంబో మార్చాలె" అంటాడు. అద్దం, టచ్, డిస్‌ప్లే అన్నీ కలిసి ఒకే ముక్క. ఒకటి పోతే మూడూ పోయినట్టే.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూలొచ్చింది. ఫోను 45 సార్లు పడ్డా పనిచేయాలి. బ్యాటరీ 800 సార్లు చార్జి చేశాకా 80 శాతం నిలవాలి. మోడల్ అమ్మకం ఆగినా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. 45 కన్నా ఆ ఏడేళ్ల మాటే నాకు నచ్చింది.

ఈసారి కొత్త ఫోను కొనబోయినప్పుడు మెగాపిక్సెళ్ల సంగతి తర్వాత, "దీని కాంబో ఎంత పడుతది?" అని అడగండి. "ఇంకా కొననే లేదు, అప్పుడే పగలగొట్టే ముచ్చటేంది సార్?" అని షాపాయన నవ్వుతాడు. నవ్వనీయండి. రేటు చెప్పేదాకా మాత్రం కదలకండి.