రెండు నగరాలు, మూడు రోజులు



తిరునాళ్ళలో రెండు దుకాణాల నడుమ నిలబడి, చేతిలో ఉన్న డబ్బుకు ఏ బొమ్మ కొనాలో తోచక మీరు తికమకపడే ఉంటారు. అరవై దాటిన నాకు కూడా అలాంటి చిక్కే వచ్చింది. అయితే నేను ఎంచుకోవలసినవి బొమ్మలు కావు, నగరాలు!

మా అబ్బాయి జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒకనాడు, "నాన్నగారూ, నాకు మూడు రోజులు సెలవు దొరికింది. వియన్నా చూద్దామా, ప్రాగ్ చూద్దామా?" అని అడిగాడు.

"వియన్నా!" అన్నది పదేళ్ళ మా మనవరాలు.

"ప్రాగ్" అన్నాను నేను.

మీరు అట్లాసు తీసి చూడండి. వియన్నా ఆస్ట్రియా దేశపు రాజధాని. డాన్యూబ్ నది ఒడ్డున ఉంది. దానికి వాయవ్యంగా చెక్ దేశపు రాజధాని ప్రాగ్ కనిపిస్తుంది. అక్కడి నది పేరు వల్తవా.

"రెండూ చూసేద్దాం!" అన్నాడు మా అబ్బాయి. నేను కాగితమూ పెన్సిలూ తీశాను. మ్యూనిక్ నుంచి వియన్నాకు రైలులో నాలుగు గంటలు. వియన్నా నుంచి ప్రాగ్‌కు మరో నాలుగు. ప్రాగ్ నుంచి తిరిగి రావటానికి దాదాపు ఆరు. మొత్తం 14 గంటలు! మూడు రోజుల్లో మనం మేలుకుని ఉండేది సుమారు 42 గంటలు. అందులో మూడో వంతు రైలుపెట్టెలోనే గడిచిపోతుంది. రెండు ఊళ్ళు చూశామని చెప్పుకోవచ్చు గాని, నిజానికి చూసేది రైలు కిటికీని. కనుక ఒకటి వదులుకోక తప్పదు.

మా మనవరాలు తన వాదం వినిపించింది. వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనపు తోటలో 1752లో పెట్టిన జంతుప్రదర్శనశాల ఉంది. ఈనాటికీ నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. ప్రాటర్ అనే ఉద్యానవనంలో 1897లో కట్టిన జెయింట్ వీల్ ఉంది. దాని ఎత్తు దాదాపు 65 మీటర్లు! పైగా వియన్నాకు ప్రయాణం కూడా తక్కువ. మంచి వాదమే. కాని ఆ రెండు చోట్లూ నగరానికి చెరొక వైపున ఉన్నాయి. ప్రాగ్‌లోనో, చూడవలసినవన్నీ నాబోటి మోకాళ్ళ నొప్పులవాడు సైతం నడవగలిగినంత దగ్గరలో ఉన్నాయి.

"అంతేనా తాతయ్యా?" అన్నది మా మనవరాలు.

అంతే కాదు. అసలు సంగతి చెప్పక తప్పలేదు.

చాలా ఏళ్ళ కిందట ఒకరోజు తరగతిలో కెప్లర్ నియమాలు చెబుతున్నాను. గ్రహాలు సూర్యుని చుట్టూ సరైన వృత్తంలో తిరగవనీ, కొంచెం నొక్కిన గాజులాంటి దీర్ఘవృత్తంలో తిరుగుతాయనీ చెప్పాను. వెనక బెంచీలోని ఒక కుర్రవాడు లేచి, "ఆ సంగతి కెప్లర్‌కు ఎలా తెలిసింది మాస్టారూ?" అని అడిగాడు. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ లేకపోయింది. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మరి ప్రశ్న అడగలేదు.

కెప్లర్ ఆ సంగతి కనిపెట్టింది ప్రాగ్‌లోనే.

మా మనవరాలు కాసేపు ఆలోచించి, "అయితే ఆ జవాబు అక్కడే నాకు చెప్పు" అన్నది. అలా ప్రాగ్‌కు వెళ్ళాం.

మొదట పాత పట్టణంలోని ఖగోళ గడియారం చూశాం. దాన్ని 1410లో చేశారు. గంట కొట్టే వేళకు ఒక అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగుతుంది. పైన రెండు కిటికీలు తెరుచుకుని సాధువుల బొమ్మలు ఒకరి వెనుక ఒకరు కనిపిస్తారు. చివర కోడి కూస్తుంది. ఈ గడియారం వేళతోపాటు సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో కూడా చూపుతుంది. మన పంచాంగంలోని మేషం, వృషభం మొదలైన 12 రాశులే అక్కడా ఉన్నాయి. మన పెద్దలు సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించేవారు కదా! అక్కడివారు పూర్వం సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కించేవారు. ఆ లెక్క చూపే అంకెలు కూడా గడియారం అంచున ఉన్నాయి.

ఆ చదరానికి ఎదుటి వైపున టీన్ చర్చి ఉంది. అందులో టైకో బ్రాహీ అనే శాస్త్రజ్ఞుని సమాధి ఉంది. దూరదర్శిని ఇంకా పుట్టని ఆ రోజుల్లో ఆయన పెద్ద పెద్ద కోణమాపకాలతో ఏళ్ళ తరబడి గ్రహాల స్థానాలు కొలిచి రాసిపెట్టాడు. 1600లో కెప్లర్ ఆయన దగ్గర పనికి చేరాడు. మరుసటి ఏడే టైకో మరణించాడు. ఆ కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి.

సమాధి పక్కన నిలబడి, మా మనవరాలికి నా పాతబాకీ తీర్చాను.

"కుజుడు వృత్తంలో తిరుగుతున్నాడనుకుని కెప్లర్ ఏళ్ళ తరబడి లెక్కలు కట్టాడమ్మా. అంతా సరిపోయింది, 8 నిమిషాల కోణం తేడా తప్ప. నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. ఆకాశంలో పున్నమి చంద్రుని వెడల్పులో సుమారు నాలుగో వంతన్నమాట! ఇంకొకరైతే కొలతలోనే పొరపాటు జరిగిందని సరిపెట్టుకునేవారు. టైకో అంత తప్పు చేయడని కెప్లర్ నమ్మకం. అందుకని తన వృత్తాన్నే వదులుకున్నాడు. చివరకు దీర్ఘవృత్తం సరిపోయింది. 1609లో ఆ సంగతి పుస్తకంగా ప్రకటించాడు."

బయటికి వచ్చాక మా మనవరాలు గడియారం వంక చూసి, "దాని లోపల చక్రాలకు ఎన్ని పళ్ళుంటాయి తాతయ్యా?" అన్నది.

"తెలియదమ్మా, కనుక్కుందాం" అన్నాను. ఈసారి ఆ మాట సులువుగానే వచ్చింది.

ఆ రాత్రి బసలో వెతికి తెలుసుకున్నాం. సూర్యుణ్ణి తిప్పే చక్రానికి 366 పళ్ళు, రాశిచక్రాన్ని తిప్పేదానికి 365. రెండిటినీ ఒకే యంత్రం తిప్పుతుంది. ఏడాదిలో సూర్యుడు 365 చుట్లు తిరిగేసరికి రాశిచక్రం 366 తిరుగుతుంది. అందువల్లనే సూర్యుడు ఒక్కొక్క రాశే దాటుతూ పన్నెండూ చుట్టివస్తాడు. చూశారా, ఒక్క పన్ను తేడా!

వియన్నా మిగిలిపోయింది. మా మనవరాలు పెద్దదయ్యాక ఆ జెయింట్ వీల్ ఎక్కుతుందిలెండి.

మీకూ ఎప్పుడైనా ఇలాంటి చిక్కు వస్తే, ఏ ఊరు గొప్పదని వాదులాడుకోకండి. మీ మనసులో ఉన్న ప్రశ్నకు ఏ ఊళ్ళో జవాబుందో చూసుకుని బయలుదేరండి.