తెర వెనక కెప్టెన్

జర్మనీలో కీల్ రైల్వేస్టేషన్ ఎదురుగానే పడవల రేవు. రైలు దిగి రోడ్డు దాటితే చాలు, లాబో వెళ్ళే పడవ ఎక్కేయొచ్చు. హాంబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు టికెట్లు తీశాడు. పడవ ఉత్తరానికి సాగుతుంటే కుడివైపు పెద్ద పెద్ద క్రేన్లతో నౌకల కార్ఖానా కనిపించింది. మన శిశుమార్ జలాంతర్గామిని కట్టింది ఈ ఊళ్ళోనే. 1986లో మన నౌకాదళంలో చేరింది. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. వాడు ఫోన్లోంచి తల ఎత్తితేనా!

లాబోలో ఇసుక ఒడ్డున రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి యు-995 ఉంది. 1943లో హాంబర్గ్‌లో తయారైంది. యుద్ధం ముగిశాక కొన్నాళ్ళు నార్వే నౌకాదళంలో పనిచేసి, మళ్ళీ జర్మనీకి వచ్చి, 1972 నుంచి ఇలా జనం చూడ్డానికి కూర్చుంది. మా విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి చేసినట్టే దీనికీ పక్కన కోసి తలుపులు పెట్టారు. కాకపోతే కురుసుర 91 మీటర్లు, ఇది 67. ఆ తేడా లోపలికి అడుగు పెట్టగానే ఒంటికి తెలుస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల దూర్చాలి. నా వెనక వస్తున్న భారీ మనిషి అక్కడ ఆగి కాసేపు ఆలోచించాడు. యాభై మంది దాకా ఇందులో వారాల తరబడి ఉండేవారు. ముందు గదిలో టార్పెడోల పక్కనే పడకలు. ఉన్నవి రెండు మరుగుదొడ్లు. సముద్రంలోకి బయల్దేరిన కొత్తలో వాటిలో ఒకదాన్నిండా తిండి సరుకులే కుక్కేవారు.

నేను చూడాలనుకున్నది కెప్టెన్ గది. గది అనడమే తప్ప దానికి తలుపు లేదు. ఒక పడక, చిన్న అల్మరా, మడిచే బల్ల, అడ్డంగా ఒక తెర. మన సెకండ్ ఏసీ బోగీలో ఉంటుందే, అలాంటిదే. నడవకి ఇవతల కెప్టెన్, అవతల రేడియో గది. మధ్య దూరం బారెడు కూడా లేదు. కెప్టెన్ దగ్గితే రేడియో దగ్గర కూర్చున్నవాడికి వినపడుతుంది. రేడియోలో ఏ స్టేషన్ పెట్టారో దారిన పోయే వంటవాడికీ తెలుస్తుంది.

ఆ తెర ముందు నిలబడినప్పుడే ఓస్కర్ కుష్ అనే జర్మన్ జలాంతర్గామి కెప్టెన్ కథ నాకు పూర్తిగా బోధపడింది.

కుష్ నడిపింది ఈ పడవ కాదు, యు-154. అది దూరప్రయాణాల రకం, దీనికన్నా పది మీటర్లు పొడవు. ఆ రకం చూడాలనుకునేవాళ్ళు చికాగో మ్యూజియంకి వెళ్ళాలి. జర్మన్ జలాంతర్గాముల కెప్టెన్లంటే ముందుగా వినిపించేవి గుంటర్ ప్రీన్, ఓట్టో క్రెచ్మర్ పేర్లు. ప్రీన్ 1939లో బ్రిటిష్ వాళ్ళ రేవులోకే చొరబడి రాయల్ ఓక్ యుద్ధనౌకని ముంచాడు. ఆ యుద్ధంలో అందరికన్నా ఎక్కువ టన్నుల నౌకల్ని ముంచినవాడు క్రెచ్మర్. ఆ లెక్కల్లో చూస్తే కుష్ ఎక్కడో అడుగున ఉంటాడు. 1918లో బెర్లిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు తిరిగిన యువజన సంఘాన్ని నాజీలు నిషేధించారు. 1943 మొదట్లో యు-154 అతని చేతికొచ్చింది. అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

పడవ చేతికి రాగానే అధికారులు భోంచేసే చోట ఉన్న హిట్లర్ పటాన్ని అక్కణ్ణించి తీయించాడు. ఈ పడవలో విగ్రహారాధన ఉండదన్నాడని తర్వాత సాక్ష్యాల్లో వచ్చింది. బ్రిటిష్ రేడియో వినేవాడు. ఈ యుద్ధం మనం ఓడిపోయిందేనని తోటి అధికారుల దగ్గర దాచకుండా అనేవాడు. ఇంట్లో అయితే గోడలకే చెవులుంటాయి. ఇక్కడ గోడలే లేవు.

అతని కింద ఉల్రిష్ ఆబెల్ అని ఓ అధికారి ఉండేవాడు. న్యాయశాస్త్రంలో డాక్టరేటు, పైగా కరడుగట్టిన నాజీ. ఆబెల్‌కి సొంతంగా పడవ అప్పగించవచ్చని కుష్ సిఫారసు చేశాడు. కాకపోతే ఆ నివేదికలో ఆకాశానికి ఎత్తలేదు. తర్వాత ఆబెల్ చేసినదానికి ఆ కడుపుమంటే కారణమని కొందరంటారు, నాజీ నమ్మకమే కారణమని ఇంకొందరు. నాకైతే ఈ రెండూ ఒక మనిషిలో హాయిగా కలిసి కాపురం చేయగలవనిపిస్తుంది. 1944 జనవరి 12న ఆబెల్ కుష్ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. 26న కీల్‌లో సైనిక కోర్టు తీర్పు చెప్పింది. రెండు వారాల్లో అంతా అయిపోయింది. ప్రాసిక్యూటర్ అడిగింది పదేళ్ళ జైలు. కోర్టు వేసింది మరణశిక్ష.

తిరుగు పడవలో మ్యోల్టెనోర్ట్ దగ్గర దిగాం. జలాంతర్గాముల్లో చనిపోయినవాళ్ళ స్మారకం ఉందక్కడ. ఎత్తైన స్తంభం మీద డేగ, కింద వంపు తిరిగిన గోడకి వరసగా కంచు పలకలు. రెండో ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ళే ముప్ఫై వేల పైచిలుకు. ఆ పడవలెక్కిన ప్రతి నలుగురిలో ముగ్గురు తిరిగి రాలేదు. పేర్లు పడవల వారీగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆబెల్ గుర్తొచ్చాడు. కోరుకున్న కమాండర్ పదవి అతనికి దక్కింది, యు-193 మీద. 1944 ఏప్రిల్‌లో ఆ పడవ బిస్కే అఖాతంలో అందరితో సహా గల్లంతైంది. అప్పటికి కుష్ ఇంకా జైల్లో బతికే ఉన్నాడు. అతన్ని కాల్చింది మే 12న. ఇరవయ్యారేళ్ళు. జూలైలో యు-154 కూడా మునిగింది, ఒక్కరూ మిగల్లేదు.

కుష్‌ని కాల్చిన చోటు హోల్టెనావ్‌లో. అక్కడికి వెళ్ళాలంటే కీల్ కాలువ దాటాలి. దాటించే చిన్న పడవకి టికెట్ లేదు, జర్మనీలో ఊరికే దొరికినవాటిలో నాకు గుర్తున్నది ఇదొక్కటే. అవతల ఒక వీధికి అతని పేరు పెట్టారు. ఒక స్మారక శిల కూడా ఉంది. మా మేనల్లుడు దాన్ని చదివి, ఆ రోజుకి మొదటిసారి ఫోన్ జేబులో పెట్టాడు.

"ఈయన కూడా టార్పెడోలు వేసినవాడే కదా మావయ్యా?"

"వేశాడురా. బ్రెజిల్ దగ్గర వర్తకనౌకల బారు మీదే వేశాడు."

"మరి పటం తీసేస్తే సరిపోతుందా?"

సరిపోతుందని నేను అనలేదు. ఆ నౌకల్లో ఉన్నవాళ్ళ తరఫున కుష్‌ని క్షమించడానికి నేనెవర్ని? కానీ ఆ తెర ముందు నిలబడి వచ్చాను కదా, సరిపోదని కూడా అనలేకపోయాను. ఊరు ఊరంతా చేతులెత్తి జేకొడుతున్నప్పుడు నోరు మూసుకుని ఉండటానికి అతనికి కావలసినన్ని సాకులున్నాయి. ఒక్కటీ వాడుకోలేదు. వాడికి అదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, బస్సు వచ్చేదాకా వాదించాడు.

తీర్పు చెప్పిన జడ్జి మీద యుద్ధం తర్వాత కీల్‌లోనే కేసు నడిచింది. నిర్దోషి అని వదిలేశారు. కుష్ మీద పడ్డ మచ్చని అధికారికంగా చెరిపేసింది 1996లో. వీధికి పేరు పెట్టింది 1998లో. బతికుంటే అప్పటికి అతనికి ఎనభై ఏళ్ళు.