చించినా పోని కాగితాలు

జర్మనీ చరిత్ర చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఎవరైనా అడిగితే నేను హిట్లర్ దగ్గర మొదలుపెట్టమనను. బెర్లిన్ గోడ దగ్గరా కాదు. గోడ తెరుచుకున్నాక కొందరు ఆఫీసర్లు తలుపులు వేసుకుని కాగితాలు చించిపోసిన గదులున్నాయే, అక్కడ మొదలుపెట్టమంటాను. ఎందుకో చెప్తాను, తీరిగ్గా కూర్చోండి.

తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖను జనం ష్టాజీ అనేవారు. దేశ జనాభా 1.6 కోట్లు. 1989 నాటికి ఆ శాఖలో జీతం తీసుకునేవాళ్లే దాదాపు 91,000 మంది. వీళ్లు కాక, పక్కింట్లోంచీ పనిచేసే చోటినుంచీ కబుర్లు మోసే వేగులు 1,80,000 పైచిలుకు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, ఏం మాట్లాడుకున్నారు, అన్నీ రాసిపెట్టారు.

1989 నవంబరు 9న గోడ తెరుచుకుంది. ఆ కాగితాలు జనం చేతిలో పడితే తమ గతేమిటో ఆఫీసర్లకు తెలుసు. తుంచే యంత్రాలను ఆపకుండా నడిపారు, అవి మొరాయిస్తే చేత్తో చించారు. డిసెంబరు 4న ఎర్ఫుర్ట్‌లో ఫైళ్లు తగలబెడుతున్నారని పసిగట్టి కొందరు ఆడవాళ్లు ముందు నడిచారు, జనం వెంట నడిచారు. తుపాకులున్న ఆఫీసులోకి ఉత్త చేతులతో వెళ్లి దాన్ని పట్టుకున్నారు! 1990 జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయంలోకీ జనం చొచ్చుకుపోయారు. అలా దక్కినవాటిని అరల్లో వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. రెండు జర్మనీలూ ఒకటవుతున్నప్పుడు ఆ ఫైళ్లను పశ్చిమాన కోబ్లెంజ్‌లో ఉన్న జాతీయ భాండాగారానికి తరలించే ఆలోచన చేశారు. తెరిస్తే పగలు రగులుతాయని భయపడ్డవాళ్లూ ఉన్నారు. 1990 సెప్టెంబరులో తూర్పు జర్మనీ ఉద్యమకారులు మళ్లీ బెర్లిన్‌లోని అదే కార్యాలయంలో బైఠాయించి నిరాహార దీక్షకు దిగారు. మా బతుకుల మీద రాసినవి మాకే దక్కాలన్నది వాళ్ల పట్టు. నెగ్గారు. 1991 డిసెంబరులో చట్టం వచ్చింది. 1992 జనవరి నుంచి తన ఫైలు తాను చదువుకునే హక్కు ప్రతి మనిషికీ దక్కింది.

ఈ పట్టుదల వెనక మరో జ్ఞాపకం ఉంది. 1945 తర్వాత పశ్చిమ జర్మనీలో చాలా ఇళ్లలో నాజీల కాలం గురించి మాట్లాడేవాళ్లే లేరు. ఫ్రిట్జ్ బావర్ అనే ప్రాసిక్యూటర్ పట్టుబట్టడం వల్ల 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాజీల ఆష్విట్జ్ మరణశిబిరంపై విచారణ మొదలయ్యేదాకా ఆ మౌనం గట్టిగా కదల్లేదు. రెండోసారి కూడా అలా జరగనివ్వకూడదని 1990లో చాలామంది అనుకున్నారు. ఆధునిక జర్మన్లు తమను తాము ఏమనుకుంటున్నారో తెలియాలంటే 1945 తర్వాతి మౌనాన్నీ 1990 నాటి పట్టుదలనూ కలిపి చదవాలి.

మరి చించిన కాగితాలో? దాదాపు 16,000 సంచులు మిగిలాయి. 1995 నుంచి నూరెంబర్గ్ పక్కనున్న త్సిర్న్‌డోర్ఫ్‌లో కొందరు ఉద్యోగులు బల్ల ముందు కూర్చుని వాటిని అతికించారు. కాగితం రంగు, చేతిరాత, చిరిగిన అంచు చూసి ముక్కకు ముక్క జోడించి టేపు వేయడమే పని. ఒక ఆఫీసరు చించిన ముక్కలు చాలావరకు ఒకే సంచిలో, దగ్గరదగ్గరగా పడి ఉండటం కలిసొచ్చింది. అయినా ఇరవై ఏళ్లలో పూర్తయినవి 500 సంచుల దాకానే. కంప్యూటరుతో చేసిన ప్రయత్నం పెద్దగా సాగలేదు. ఇంత ఓపిక పట్టిన దేశం మీద నాకు గౌరవం కలుగుతుంది, దాచుకోను.

2021లో ఆ ఫైళ్లు జాతీయ భాండాగారంలోనే కలిశాయి, చదివే హక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ హక్కు ఊరికే దక్కేది కాదు. ప్రభుత్వాన్ని ఎదిరించి 1988లో జైలు పాలైన వేరా వోలెన్‌బెర్గర్, తన మీద ‘డోనాల్డ్’ అన్న మారుపేరుతో నివేదికలు పంపిన వేగు ఎవరో కాదు, తన భర్తేనని తెలుసుకుంది. ఫైలు ఇచ్చేటప్పుడు మూడోవాళ్ల సొంత విషయాలను నల్లగా కప్పేస్తారు. వేగు అసలు పేరు కావాలంటే విడిగా అడగాలి. తనవాళ్లే వేగులని తేలుతుందేమోనన్న భయంతో ఫైలు జోలికే వెళ్లనివాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేను. నేనైతే పేరు కూడా అడిగి తీరేదాన్ని. మీరైతే ఏం చేసేవారో నాకు రాయండి.