ఖల్లివల్లి కాపురం

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఈ పట్టణాల చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా 'ఖల్లివల్లి' అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. గల్ఫ్ అరబ్బుల వాడుకలో అది 'పోనీలే, వదిలెయ్' అనే మాట. మనవాళ్ల నోట్లో మాత్రం అదో హోదా. వీసా గడువు దాటినా, కంపెనీ వదిలి బయటపడ్డా ఆ మనిషి ఖల్లివల్లి అయినట్టే. పోలీసు కనబడితే సందు మార్చాలి. జ్వరమొస్తే ఆస్పత్రికి పోలేడు, తోటివాడి మాత్రల డబ్బాయే దిక్కు. ఇవన్నీ పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చినవే. అంతగా రానిది ఒకటుంది. అక్కడ అతను ఖల్లివల్లి అయితే, ఇక్కడ అతని పెళ్లి సంగతేమిటి?

మెట్‌పల్లి దగ్గరి పల్లెలో బీడీలు చుట్టే ఒక ఇల్లాలికి ఈ ప్రశ్న పదమూడేళ్లు తోడుంది. పేరు అక్కర్లేదు, ఆ వాడలో అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2009లో పెళ్లి. 2011లో భర్త దుబాయ్ విమానమెక్కాడు. ఆమెకప్పుడు ఐదో నెల. ఏజెంటు చేతిలో పెట్టింది విజిట్ వీసా. 'ముందు పో, పోయినంక కంపెనీ వీసా కొడ్తరు' అన్నాడు. పది పాసవని కూలీ గల్ఫ్ దేశాల్లో పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. చుట్టపుచూపు వీసాకు ఆ గుమ్మం తొక్కే పనిలేదు. ఏజెంట్లకు కావలసిందీ అదే.

కంపెనీ వీసా కొట్టలేదు. గడువు దాటింది. అప్పట్లో విజిట్ వీసా మీద ఎక్కువ రోజులుంటే రోజుకు 100 దిర్హాముల జరిమానా. 2022లో దాన్ని 50 చేశారు. ఆ 50 చొప్పున లెక్కేసినా ఏడాదికి 18,250 దిర్హాములు! బిల్డింగుల్లో దొరికిన రోజు పని, దొరకనిరోజు పస్తు అన్నట్టు బతికేవాడు అంత సొమ్ము ఎక్కడ తెచ్చి కడతాడు? కట్టకపోతే విమానమెక్కనివ్వరు. ఉందామంటే చట్టం ఒప్పుకోదు, పోదామంటే జరిమానా పోనివ్వదు.

2012 డిసెంబర్‌లో యూఏఈ ప్రభుత్వం రెండు నెలల క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చంది. అతను రాలేదు. ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకు ఇది వట్టి మూర్ఖత్వంలా తోచవచ్చు. లెక్క చూస్తే అలా అనిపించదు. వీసాకు తెచ్చిన అప్పు లక్షా ఇరవై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 3,600 రూపాయలు మిత్తికే పోవాలి. ఊరికొస్తే బీడీల పైసలతో ఇల్లు గడవడమే కష్టం, ఇక మిత్తి ఎవరు కడతారు? దొంగచాటుగానైనా అక్కడుంటే నెలనెలా కొంత వస్తుంది. క్షమాభిక్ష జరిమానాను మాఫీ చేస్తుంది గాని, ఊళ్లో అప్పును మాఫీ చేయదు కదా!

ఆ ఏడేళ్లూ ఆమె ఎలా గడిపిందో అడిగితే పెద్దగా చెప్పదు. 'ఎట్లనో గడిచింది తియ్' అంటుంది. అత్తగారి మందులు, బిడ్డ బడి, వారానికోసారి ఫోన్. బతుకమ్మ నాడు అమ్మలక్కలు 'మీ ఆయన ఎప్పుడస్తడే?' అంటే నవ్వి ఊరుకోవాలి. విధవరాలికైతే ప్రభుత్వ పింఛను కాగితమన్నా ఉంటుంది. ఈమెకు ఏ కాగితమూ లేదు. బిడ్డ మాత్రం తండ్రికి తనే ఒక పేరు పెట్టుకుంది... 'ఫోన్ బాపు'.

2018 ఆగస్టు 1న మళ్లీ క్షమాభిక్ష. మొదట మూడు నెలలన్నారు, తర్వాత డిసెంబర్ చివరిదాకా పొడిగించారు. సక్రమంగా దేశంలోకి వచ్చి గడువు దాటినవాళ్లు ఈ గడువులో వెళ్లిపోతే మళ్లీ రాకుండా నిషేధం కూడా ఉండదన్నారు. అతని పాస్‌పోర్టు ఎప్పుడో పోయింది. భారత కాన్సులేట్ ఔట్‌పాస్ ఇచ్చింది. ఇంటికి రావడానికి ఒక్కసారే పనికొచ్చే కాగితం అది. అక్టోబర్‌లో మెట్‌పల్లి బస్టాండులో దిగాడు. అతను వెళ్లినప్పుడు ఊరు ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్ జిల్లాలో ఉంది. వచ్చేసరికి తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో ఉంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లోనే మూతపడింది. బిడ్డకు ఏడేళ్లు. ఫోన్ బాపు ఎదురుగా నిలబడితే తల్లి వెనక్కి పోయి దాక్కుంది.

మూడేళ్లు ఊళ్లో పసుపు వేశాడు, ట్రాక్టర్ నడిపాడు, లారీ నడిపాడు. అప్పు కొంత తీరింది, కొంత కొత్తది చేరింది. 2021లో మళ్లీ దుబాయ్ మాట వచ్చింది. ఈసారి లైసెన్సున్న ఏజెంటు, కంపెనీ వీసా, ఎమిగ్రేషన్ అనుమతి... అన్నీ పద్ధతిగా. అయినా విమానం దిగేదాకా గుండె గుబగుబలాడింది. కారణం కంటి మిషన్. ఒకప్పుడు దేశం నుంచి గెంటేసినవాళ్లు కొందరు వేరే పేరుతో పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ వెళ్లేవారు. 2000 దశకం మొదట్లో యూఏఈ విమానాశ్రయాల్లో కంటిపాప చూసే యంత్రాలు పెట్టడంతో ఆ దారి మూసుకుపోయింది. పేరు మార్చుకోవచ్చు, కన్ను మార్చుకోలేరు. ఇతని పేరు ఇతనిదే. పోయింది క్షమాభిక్షలో. యంత్రం ఏమీ అనలేదు.

అప్పుడే అతనికి ఒక ఆశ పుట్టింది. భార్యాబిడ్డలను తెచ్చుకోవాలి!

గల్ఫ్ కూలీకి ఇది మామూలు ఆశ కాదు. యూఏఈలో 2019 వరకూ ఎవరు కుటుంబాన్ని తెచ్చుకోవచ్చో తేల్చడానికి జీతంతోపాటు చేసే పనిని కూడా చూసేవారు. మేస్త్రీకి, కూలీకి ఆ వరసలో చోటు లేదు. 2019లో పని సంగతి వదిలేసి జీతమే కొలతగా పెట్టారు. నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు ఉండటానికి ఇల్లు. కువైట్‌లో 2024 నుంచి ఆ కొలత 800 దినార్లు. సౌదీలో 2017 నుంచి వెంట ఉన్న ఒక్కొక్కరికి నెలనెలా రుసుం పెట్టేసరికి, ఉన్న కుటుంబాలే తిరిగొచ్చాయి. గడువు దాటి ఉన్న తప్పును దేశాలు అప్పుడప్పుడూ క్షమిస్తాయి. తక్కువ జీతాన్ని క్షమించిన దేశం మాత్రం కనబడదు.

బ్రిటన్‌లోనూ అంతే. అక్కడి పౌరులు భర్తనో భార్యనో తెచ్చుకోవాలంటే 2012లో ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపమన్నారు. 2024 ఏప్రిల్‌లో అది 29,000 అయింది.

అమెరికా తీరు వేరు. ఇప్పుడు మెట్‌పల్లి, కోరుట్ల ఇళ్లలో అమెరికాలో ఉన్న పిల్లలూ ఉన్నారు కనుక ఇదీ తెలియాలి. సక్రమంగా వీసాపై అడుగుపెట్టి, ఐ-94లో రాసిన తేదీ దాటిపోయినవాళ్లు అమెరికా పౌరులను పెళ్లాడితే, ఆ దేశంలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవడానికి చట్టంలో దారి ఉంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో కాదనరు. అసలు చిక్కు గుమ్మం దాటితేనే. 1996లో చేసిన చట్టం ప్రకారం 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది మించితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. తల్లి పోయిందని కబురొచ్చినా అక్కడే కూర్చుని ఏడ్చేవాళ్లుంటారు. మినహాయింపు అడగొచ్చు, కానీ అక్కడున్న జీవిత భాగస్వామికి భరించలేని కష్టం వస్తుందని రుజువు చూపాలి. దరఖాస్తు పెండింగ్‌లో ఉండటమే రక్షణ అనుకోవడానికీ లేదు. గల్ఫ్‌లో బయటికి పంపడమే క్షమాపణ. అమెరికాలో బయటికి రావడమే శిక్ష.

సరే, మన ఇల్లాలి సంగతికి వద్దాం. 2024లో అతని జీతం 4,000 దాటింది. హెవీ డ్రైవర్ లైసెన్సు పుణ్యం. రెండు నెలల సెలవు పెట్టి వచ్చాడు. పాత ఖల్లివల్లి సంగతి తవ్వి దరఖాస్తు కొట్టేస్తారేమోనన్నది అతని భయం. ఊళ్లో సలహాదారులూ అదే అన్నారు. తీరా అడ్డం తగిలింది అది కాదు. వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలని చెప్పే కాగితం లేదు!

పెళ్లిళ్ల నమోదు తప్పనిసరంటూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. పందిట్లో ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? పదిహేనేళ్ల తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇద్దరూ వెళ్లారు. లగ్గం పత్రిక కావాలన్నారు. దేవుడి పటం వెనక దొరికింది, చెదలు తినగా మిగిలినంత. అందులో ఆమె పేరు ఇంట్లో పిలుచుకునే పేరు. ఆధార్‌లో బడి పేరు. సాక్షులు ముగ్గురు రావాలి. పెళ్లి పెద్దగా నిలబడ్డ మేనమామ చనిపోయాడు. తోడు పెళ్లికొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ఆల్బం తిరగేసి, భోజనాల ఫొటోలో విస్తరి ముందు కూర్చున్న ముగ్గురిని వెతికి పట్టుకొచ్చారు. వాళ్లలో ఒకాయన 'నేను బువ్వ తిన్న గని తాళి కట్టుడు సూడలే' అని ఆఫీసులోనే అనేశాడు. అందరూ నవ్వారు. సర్టిఫికెట్ వచ్చింది.

దానిమీద రాష్ట్ర సచివాలయం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ దౌత్య కార్యాలయం ముద్ర, అక్కడికి పోయాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. ఆమె కొత్త పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా పడింది. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది. రెసిడెన్స్ వీసాకు ఆ నిబంధన లేదన్నా భయపడి మళ్లీ దిద్దించుకున్నారు. ఏడేళ్లు ఏ కాగితమూ లేకుండా బతికిన మనిషి, ఇప్పుడు ప్రతి కాగితాన్నీ రెండు జిరాక్సులు తీసి దాస్తున్నాడు.

మధ్యలో ఒక బంధువు సులువు చెప్పాడు. 'గింత తిప్పలెందుకు, విజిట్ మీద తీస్కపో. ఆడికి పోయినంక వీసా మార్చుకోవచ్చు.' చట్టం ప్రకారం అది తప్పుడు సలహా కూడా కాదు. ఎప్పుడూ గొంతు పెంచని ఆ ఇల్లాలు ఆ రోజు మాత్రం బీడీల చాట పక్కకు నెట్టి లేచింది. 'ఆ విజిట్ మాట మా ఇంట్ల అద్దు' అంది. అంతే. ఇక ఎవరూ ఎత్తలేదు.

ఆమె లెక్కలు ఆమెకున్నాయి. నాలుగు వేల దిర్హాముల్లో అద్దె పోగా మిగిలేదెంత? బిడ్డ బడి ఫీజు మాటేమిటి? ఆర్నెల్లకు మించి యూఏఈ బయట ఉంటే రెసిడెన్స్ వీసా మామూలుగా చెల్లకుండా పోతుంది. కనుక పోతూ వస్తూ ఉండాలన్నా విమానం ఖర్చు. నెలనెలా వచ్చే 2,016 రూపాయల బీడీ కార్మికుల పింఛను నిలిచిపోతుందేమోనని ఇంకో బెంగ. ఫోన్ బాపు మాత్రం రోజూ వీడియోలో షార్జాలో చూసిన గది చూపిస్తున్నాడు. వంటింట్లో కిటికీ లేదని బిడ్డ కనిపెట్టింది.

సర్టిఫికెట్ మీద ముద్రలన్నీ పడ్డాయి. బిడ్డ పాస్‌పోర్టుకు పోలీసు విచారణ మిగిలింది. బీడీల కార్డు మీద తాను వచ్చేదాకా ఆడబిడ్డతో పని చేయిస్తానని ఆమె అడిగితే, కమీషన్‌దారు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.